మాస్టారి కుడికాలు

ఆ ఇంటి హాల్లో పరిచిన తివాచీ ఒక్కచోటే అరిగిపోయింది. కుర్చీలో కూర్చున్నప్పుడు మాస్టారి కుడికాలు ఆనే చోట. తివాచీ మార్చినా ఏడాది తిరక్కుండానే మళ్ళీ అక్కడే పోగులు పైకి తేలేవి. మాస్టారి భార్య ఆ చోటును ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేది. "అందరూ బండి దిగగానే బ్రేకు వదిలేస్తారు. ఈయన టీవీ చూస్తూ కూడా తొక్కుతూనే ఉంటారు" అనేది. మాస్టారు అదేదో తన సన్మానపత్రం చదువుతున్నట్టు చిరునవ్వుతో వినేవారు.

ఆయన డ్రైవింగ్ నేర్పే మాస్టారు. చాక్‌పీసు పట్టిన పాపాన పోలేదు గానీ, ఊళ్ళో సగంమంది చేత స్టీరింగు పట్టించిన ఘనత ఆయనదే. ఆయన కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నట్టే పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. ఏదైనా ముంచుకొస్తే మాస్టారు తొక్కడానికి పెట్టింది అది. "అది ఊరికే అలంకారానికి. నేను దాని జోలికే పోను. నా నోరే నా బ్రేకు" అని కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెప్పేవారు. నోటి సంగతి మాత్రం నిజమే. క్లచ్చి తొందరపడి వదిలినందుకు పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఆయన చేత చీవాట్లు తిని తలవంచుకుని కారు దిగిన రోజులున్నాయి.

నేర్పినన్నాళ్ళూ ఆయన కారు మీద గీత పడలేదు. ఆ మాట ఎంతమందికి చెప్పారంటే, ఆఖరికి మాస్టారు నోరు తెరవగానే "గీత కూడా పడలేదు కదండీ" అని అవతలివాళ్ళే పూర్తిచేసేవారు. ఒక్కటే విచిత్రం. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు సొంత కారెక్కిన కొత్తలో ఏ గేటుకో, ఏ చెత్తకుండీకో తగిలించుకుని వచ్చేవారు. "నా పక్కనున్నంతసేపూ బంగారంలా నడిపాడే" అని మాస్టారు నాలుక చప్పరించేవారు. అలా ఎందుకు జరుగుతోందో ఆలోచించే ఓపిక ఆయనకు లేదు. ఆ ఓపిక లేకపోవడాన్నే ఆయన అనుభవం అనుకునేవారు.

ఇక ఆయన కూతురు. ఒక్కతే కూతురు. తండ్రి డ్రైవింగ్ మాస్టారైతే కూతురు పుట్టడమే గేరు వేసుకుంటూ పుడుతుందని లోకం అనుకుంటుంది. ఆ అమ్మాయి రెండుసార్లు పరీక్షకు వెళ్ళి రెండుసార్లూ తప్పింది. రెండోసారైతే నాలుగు రోడ్ల కూడలిలో, పచ్చదీపం వెలుగుతుండగా, పక్కసీట్లో మాస్టారు ఉండగానే, ఆయన కారే ఒక్కసారి గుంజుకుని నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక సీట్లో కూర్చున్న పరీక్షాధికారి పెదవి విరిచాడు. వెనక బళ్ళన్నీ హారన్లు మోగించాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె స్టీరింగు ముట్టుకోలేదు. నీళ్ళ నాణ్యత పరీక్షించే ఆఫీసులో ఉద్యోగం, రోజూ బస్సు. పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం పెట్టినా, ఆ ఇంట్లో మొగుడి కారున్నా, ఆమెకు బస్సే.

మాస్టారు ఈ సంగతి దాచుకోలేదు సరికదా, దాన్ని తన హాస్యంలో చేర్చుకున్నారు. నలుగురు కూడిన చోటల్లా, "ఊరందరికీ నేర్పాను గానీ నా కూతురికి మాత్రం నా వల్ల కాలేదండీ. దాని కాళ్ళకీ బుర్రకీ మధ్య వైరు తెగిపోయింది" అనేవారు. అందరూ నవ్వేవారు. టీ కప్పులు అందిస్తూ కూతురు కూడా నవ్వేది. ఆమె కూడా నవ్వుతోంది కదా అని ఆయన మరోసారి చెప్పేవారు.

డ్రైవింగ్ స్కూలు మూసేసి ఇంట్లో కూర్చున్నాక ఆ కుడికాలే ఆయన పని పట్టింది. పిక్క రాయిలా బిగుసుకుపోయేది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఎముకల డాక్టరు అన్నీ చూసి, ఎముక బాగుంది, నరం బాగుంది, కండరమే ఎప్పుడు చూసినా పనిలో ఉంటోంది, దానికి సెలవివ్వడం నేర్చుకోండి అని పెద్దవాళ్ళకు వ్యాయామాలు నేర్పే చోటికి పంపాడు. "పనీపాటా లేక కూర్చున్నవాడికి పనిలో ఉన్న కండరం ఏమిటి, నా ముఖం" అని మాస్టారు దారి పొడుగునా సణిగారు. కూతురు సెలవు పెట్టి బస్సులో వెంట తీసుకెళ్ళింది. సిగ్నల్ వచ్చినప్పుడల్లా ఆయన బూటు ముందు సీటును తన్నుతోంది. ఆ సీట్లో మనిషి వెనక్కి తిరిగి చూశాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

అదొక పొడవాటి గది. ఒక గోడకు నిలువెత్తు అద్దం, ఇంకో గోడ పొడుగునా పట్టుకుని నడిచే కడ్డీ, మూలన రబ్బరు బంతులు. ఫిజియో అమ్మాయి ఆయన్ను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ప్యాంటు మోకాలి దాకా మడిచి, పిక్క మీద అంటుకునే బిళ్ళలు పెట్టింది. వాటి నుంచి సన్నటి వైర్లు సబ్బుపెట్టెంత పెట్టెలోకి వెళ్ళాయి, పెట్టె నుంచి బల్లమీది తెరకు.

"దీన్ని బయోఫీడ్‌బ్యాక్ అంటారు మాస్టారూ. కండరం బిగిస్తే తెర మీద గీత లేస్తుంది, పెట్టె కూస్తుంది. వదిలితే గీత దిగుతుంది, కూత తగ్గుతుంది. మనకు తెలియకుండా బిగిస్తూ ఉంటాం కదా, దాన్ని కంటికీ చెవికీ తెలిసేలా చేస్తుంది. అంతే."

"నాకు తెలియకుండా నా కాలు ఏదీ చెయ్యదమ్మా" అన్నారు మాస్టారు.

పెట్టె కూసింది.

"నేను నొక్కట్లేదు."

ఇంకా గట్టిగా కూసింది. యంత్రం చెడిపోయిందన్నారు ఆయన. ఫిజియో అమ్మాయి బిళ్ళలు ఎడమకాలికి మార్చింది. పెట్టె కిక్కురుమనలేదు. తన కాలికే అంటించుకుని చూపించింది. అప్పుడూ అంతే. మాస్టారి కుడికాలి దగ్గరకు రాగానే మళ్ళీ మొదలు. "దీనికి నేనంటే పడనట్టుంది" అన్నారు. అవతల కదలని సైకిలు తొక్కుతున్న ఒక పెద్దావిడ కిసుక్కున నవ్వింది.

రెండోసారి వెళ్ళేసరికి మొండితనం పోయి పట్టుదల వచ్చింది. ముందు కావాలని మడమ ఎత్తి పిక్క బిగించాలి, తర్వాత వదలాలి, ఆ రెంటికీ తేడా లోపలి నుంచి పట్టుకోవాలి. ఊపిరి నిదానంగా విడుస్తూ కాలి బరువంతా నేలకు అప్పజెప్పాలి. మాస్టారు కొద్దిరోజుల్లోనే గీతను దించడంలో ఆరితేరారు. "న్యూట్రల్లో పెట్టడమే కదా, దీనికింత కథా?" అని ఫిజియో అమ్మాయికే పాఠం చెప్పారు. ఇంటికెళ్ళి భార్య ముందు కాలు చాపి, "నొక్కి చూడు, ఎంత మెత్తగా ఉందో" అన్నారు.

"నాకెందుకు, తివాచీని అడగండి" అంది ఆవిడ.

ఆ తర్వాతి వారం ఫిజియో అమ్మాయి కొత్త పని పెట్టింది. "ఊరికే కూర్చున్నప్పుడు బాగా వదులుతున్నారు. ఇప్పుడు మాట్లాడుతూ వదలండి. మీ పని గురించి చెప్పండి, వింటాను" అంది. అడగడమే ఆలస్యం, మాస్టారు గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టారు. మధ్యలో గీత కాస్త లేచినా తనే చూసుకుని దించేస్తున్నారు. "గీత కూడా పడలేదమ్మా" దాకా వచ్చేసరికి గది తలుపు తెరుచుకుంది. రెండు చేతుల్లో రెండు నిండు గ్లాసుల మంచినీళ్ళతో, భుజంతో తలుపు నెట్టుకుంటూ కూతురు లోపలికి వచ్చింది.

పెట్టె కెవ్వుమంది. సైకిలు మీది పెద్దావిడ తొక్కడం ఆపేసింది.

"ఇప్పుడేమైంది మాస్టారూ? ఏమనుకున్నారు?" అని అడిగింది ఫిజియో అమ్మాయి.

"ఏమీ అనుకోలేదే" అన్నారు ఆయన. నిజంగానే ఏమీ అనుకోలేదు.

ఫిజియో అమ్మాయికి ఇందులో నొప్పి కలిగించేది ఏదైనా ఉంటుందని తోచలేదు పాపం. "ఏమండీ, ఒక్కసారి బయటికెళ్ళి మళ్ళీ రండి" అని కూతురిని అడిగింది. ఆమె వెళ్ళగానే గీత దిగింది, రాగానే లేచింది. గ్లాసులు బల్ల మీద పెడుతుంటే లేచింది. సంచీ కోసం వంగితే లేచింది. ఆమె ఏ పని తలపెట్టినా ఆ కాలు ఆపబోతోంది.

"ఈవిడకు కూడా మీరే నేర్పారా?" అంది ఫిజియో అమ్మాయి, మాట కలుపుదామని.

"నేర్పాను. దాని కాళ్ళకీ బుర్రకీ..." అలవాటైన హాస్యం సగంలో ఆగిపోయింది. గీత తెర పై అంచును అంటుకుని అక్కడే నిలబడింది. అందరూ తెర వైపే చూస్తున్నారు. కూతురు మాత్రం ఆయన బూటు వైపు చూస్తోంది. మడమ నేలను వదిలి పైకి లేచి ఉంది. బూటు ముందు భాగం నేలను గట్టిగా అదుముతోంది.

"నాన్నా, పరీక్ష రోజు నీ కాలు ఎక్కడుంది?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు.

"నేల మీదే. ఇంకెక్కడుంటుంది?" అనేశారు ఆయన వెంటనే. అని, ఆమె చూపు వెంట తానూ కిందికి చూసుకున్నారు. ఈ క్షణం దాకా ఆ కాలు మడమతో సహా నేల మీద తీరిగ్గా ఉందనే ఆయన నమ్మకం.

"ఏమో అమ్మా. నాకు తెలియదు" అన్నారు. మాస్టారి నోట ఆ మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు.

బస్టాపులో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. రోడ్డు వైపు చూస్తూ కూతురే మాట్లాడింది.

"ఆ రోజు నేను బ్రేకు తొక్కలేదు నాన్నా. దిగగానే నీకు చెప్పాను."

చెప్పింది. ఆయనకు గుర్తుంది. "నువ్వు తొక్కకుండా బండి దానంతటదే ఆగుతుందా?" అని పరీక్షాధికారి వింటుండగా, పరీక్షకు వరసలో నిలబడ్డవాళ్ళందరూ వింటుండగా అరిచారు.

"కొన్నాళ్ళు తొక్కలేదనే అనుకున్నాను. తర్వాత తొక్కానేమో అనిపించింది. నా కాలు ఏం చేస్తుందో నాకే తెలియదేమో అనుకున్నాను. నువ్వు అందరిలో అదే చెబుతుంటే..." అని ఆగి, "బస్సొచ్చింది" అంది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. బస్సులో ఆమె పక్కన కూర్చోవడానికి ముఖం చెల్లక, ఖాళీ ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. తెలిసి అబద్ధమాడి ఉంటే కనీసం తనకైనా నిజం తెలిసి ఉండేది. ఇక్కడ ఆ పాటి మర్యాద కూడా లేదు. భయం నేర్చుకునేవాళ్ళ సొత్తు అని, తనలాంటివాళ్ళ దగ్గరకు అది రాదని ఇన్నేళ్ళూ అనుకున్నారు. పక్కన కూర్చున్న ప్రతివాళ్ళకూ ఆయన కాలు భయపడుతూనే ఉంది, వాళ్ళకంటే ముందే బ్రేకు తొక్కుతూనే ఉంది. వాళ్ళు గేట్లకూ చెత్తకుండీలకూ తగిలించుకోక ఏం చేస్తారు, బ్రేకు అవసరం వాళ్ళకెప్పుడు పడనిచ్చారు గనుక. ఇక కూతురి విషయంలో ఆ భయం అందరికంటే ఎక్కువ. దాన్ని తీసుకెళ్ళి ఆమె కాళ్ళకే అంటగట్టి, పైగా టీ తాగుతూ నలుగురి చేత నవ్వించారు. తలుచుకున్నకొద్దీ ఆయనకు చెవులు కాలిపోయాయి.

ఇంటికెళ్ళి భార్యకు చెప్పారు. ఆవిడ వేళాకోళం చేయలేదు. అది ఆయనకు ఇంకా కష్టమనిపించింది.

"మీకు చెప్పొద్దంది గానీ, ఇక దాచి లాభం లేదు" అంది ఆవిడ. "అమ్మాయి మళ్ళీ డ్రైవింగ్ నేర్చుకుంటోంది. ఆఫీసులో పై ఉద్యోగం ఇస్తామన్నారు. ఊరి చుట్టూ ఉన్న ట్యాంకుల దగ్గరికెళ్ళి నీళ్ళ నమూనాలు తేవాలి, వ్యాను తనే నడపాలి. వచ్చేవారం పరీక్ష. తప్పిందంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది."

"ఎవరి దగ్గర నేర్చుకుంటోంది?"

"ఊరి చివర స్కూల్లో. మీ కంటబడకుండా."

"నాతో చెప్పొచ్చు కదా."

"చెబితే మళ్ళీ నలుగురిలో ఏమంటారోనని."

ఊరందరికీ నేర్పిన మనిషి కూతురు, ఆయన నోటికి జడిసి, ఊరి చివర పరాయివాడి దగ్గర దొంగచాటుగా నేర్చుకుంటోంది. ఆ సాయంత్రమే క్షమాపణ చెబుదామని ఆమె ఇంటికి బయల్దేరారు. కూతురు తలుపు తీసింది. ఆయన గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలారు. మీ కుళాయి కారుతోందన్నావు, బాగైందా అని అడిగారు. ఎప్పుడో బాగైంది నాన్నా అంది. అయితే సరే అని వెనక్కి తిరిగి వచ్చేశారు. దారిలో తనను తాను తిట్టుకున్న తిట్లు ఆయన ఏ శిష్యుణ్ణీ తిట్టి ఉండరు.

మర్నాడు ఒక్కరే ఫిజియో అమ్మాయి దగ్గరకు వెళ్ళారు. ఇంట్లో సాధన చేసుకోవడానికి ఇచ్చే చిన్న పెట్టె ఒకటుంటుంది, తెర అవసరం లేనిది. అది కావాలన్నారు. "నాకు చాలా సిగ్గుగా ఉందమ్మా. వారంలోపల దీని నోరు మూయించాలి" అన్నారు.

ఆ అమ్మాయికి అప్పటికి సంగతి అర్థమైంది. "నోరు మూయించడానికి కాదు మాస్టారూ ఇది. ఇన్నేళ్ళ అలవాటు వారంలో పోదు. ప్రయత్నించండి, మెల్లగా తగ్గుతుంది. అది కూసినప్పుడు 'ఇది నేనే చేస్తున్నాను' అని మీకు తెలిసిందనుకోండి, సగం పని అయినట్టే."

మాస్టారు పెట్టె జేబులో పెట్టుకుని ఇంటికి కూడా పోకుండా నేరుగా కూతురి దగ్గరకు వెళ్ళారు. ఈసారి కుళాయి ఊసెత్తలేదు.

"రేపు పొద్దున నన్ను కారులో తిప్పు. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటాను" అన్నారు.

ఆమె ముఖం మాడిపోయింది. తల్లి చెప్పేసిందని అర్థమైంది. "వద్దు నాన్నా. అక్కడ బాగానే నడుపుతున్నాను. నువ్వు పక్కనుంటే నాకు చేతులాడవు. ఈసారి కూడా తప్పితే ఇంక నా వల్ల కాదు."

"అందుకే వస్తానంటున్నాను. ఇది కాలికి పెట్టుకుని కూర్చుంటాను. అల్లుడి కారులో నా వైపు బ్రేకు లేదు. ఇది కూసిందంటే తొక్కింది నేను. కారు ఆగిందంటే తొక్కింది నువ్వు. ఎవరు ఏది తొక్కారో ఒక్కసారైనా నీకు తెలియాలి కదా."

కూతురు ఆ పెట్టె వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది. సరే అనలేదు. పొద్దున ఆయన వెళ్ళేసరికి మాత్రం తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

ఆయన పక్కసీట్లో కూర్చుని ప్యాంటు మడిచి బిళ్ళలు అంటించుకున్నారు. పెట్టెకు ఒక మీట ఉంది, వేలితో తాకితే ఆగిపోతుంది. తన వేలిని నమ్మలేక, పెట్టెను కూతురి ముందు, స్టీరింగు అవతల పెట్టారు. కారు గేటు దాటిందో లేదో కూత మొదలైంది. ఆమె ఉలిక్కిపడి బ్రేకు తొక్కింది.

"అది నేను" అన్నారు మాస్టారు.

మలుపు దగ్గర మళ్ళీ కూసింది. మళ్ళీ ఆమె కాలు బ్రేకు మీదికి పోయింది. "అది కూడా నేనే. నువ్వు బాగానే తిప్పావు" అన్నారు. కిటికీ అద్దాలు దించి ఉన్నాయి. నడిచిపోయేవాళ్ళు ఆగి కారులోకి తొంగి చూస్తున్నారు. ఆయన పాత శిష్యుడొకడు కొట్టు ముందు నిలబడి నమస్కారం పెట్టబోయి, ఆ మోతకు చెయ్యి సగంలో ఆపేశాడు. మాస్టారికి ఊరంతటికీ తన గుట్టు చాటింపు వేస్తున్నట్టుంది. నేర్చుకున్నట్టే ఊపిరి విడిచారు, మడమ నేలకు దించారు. కూత తగ్గింది. ముందు ఒక బస్సు అడ్డం వచ్చింది. మళ్ళీ లేచింది. నాలుగో వీధికి వచ్చేసరికి "అది నేను" అని చెప్పాల్సిన పని లేకపోయింది. పెట్టె కూస్తున్నా కూతురి కాలు తన పని తాను చేసుకుపోతోంది.

ఆమె అడగకుండానే నాలుగు రోడ్ల కూడలి వైపు తిప్పింది. ఎర్రదీపం పడింది, ఆమె ఆపింది, మెత్తగా, ఆయన శరీరం ముందుకు తూలకుండా. పచ్చదీపం వెలిగింది. ఆమె క్లచ్చి వదిలి ముందుకు కదిలింది. మాస్టారి మడమ లేచిపోయింది, పిక్క రాయైపోయింది, పెట్టె గొంతు చించుకుంది. ఆయన ఎంత బతిమాలినా కాలు వినలేదు. కారు మాత్రం గుంజుకోలేదు. కూడలి మధ్యలోంచి, అప్పుడు ఆగిపోయిన చోటు మీదుగానే, నిదానంగా అవతలికి వెళ్ళింది. వెనక ఎవరూ హారను కొట్టలేదు.

అవతలి రోడ్డులోకి వచ్చాక ఆమె ముందుకే చూస్తూ అడిగింది. "ఇంత గట్టిగా తొక్కేవాడివా నాన్నా?"

"ఇంతే అమ్మా. ప్రతిసారీ."

ఆమె పెదవులు బిగించింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి స్టీరింగు మీంచి తియ్యలేదు. ఆయనే నేర్పారు అలా తియ్యకూడదని.

"నీ కాళ్ళు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. ఆ రోజు కారు ఆపింది నేను. ఆపి, నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను. తప్పు నాది" అన్నారు మాస్టారు. పెట్టె ఇంకా కూస్తూనే ఉంది, అందులో ఆమెకు వినబడాలంటే అరవాల్సి వచ్చింది. పక్కన స్కూటరు మీద పోతున్న మనిషి తల తిప్పి చూశాడు. వింటే విననీ అని ఆయన ఇంకోసారి చెప్పారు. కూతురు గేరు మార్చింది.